కిటికీ అవ్వ మాటకు వంగిన నడుము

ఆమె ఉద్యోగం వినడం. వినడానికి కూడా జీతమిస్తారా అని నోరు వెళ్లబెట్టని చుట్టం లేడు. కోర్టు భవనంలో మెట్ల పక్కనున్న గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం కూర్చుంటుంది. విచారణల్లో సాక్షులు చెప్పిందీ, లాయర్లు అడిగిందీ అంతా రికార్డయి ఆమె కంప్యూటరులోకి వస్తుంది. దాన్ని విని ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. బల్ల కింద, కుడికాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది. మునివేళ్లతో తొక్కితే మాట నడుస్తుంది. కాలు తీస్తే ఆగుతుంది. మడమతో తొక్కితే నాలుగు మాటలు వెనక్కి పోతుంది. చేతులు కీబోర్డు మీద, కాలు పెడల్ మీద, ప్రాణం చెవుల్లో.

ఆఫీసులో ఆమెకు చెవులక్క అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. ఎంత విన్నా అర్థం కాని మాట వచ్చినచోట టైపిస్టులు బ్రాకెట్లో ‘వినబడలేదు’ అని కొట్టి ముందుకు పోవచ్చు. తప్పేం లేదు, రూలు ఒప్పుకుంటుంది. చెవులక్క మనసే ఒప్పుకోదు. “ఆ మనిషి పనులన్నీ మానుకుని వచ్చి, బోనెక్కి, నోరు తెరిచి చెప్పాడు. మనం కుర్చీలో కూర్చుని వినబడలేదంటే ఏం బాగుంటుంది?” అంటుంది. వెనక్కి తొక్కి, ముందుకు తొక్కి, మళ్లీ వెనక్కి తొక్కి, చెరువులో జారిపోయిన ఉంగరాన్ని వెతికినట్టు వెతికి ఆ మాటను పట్టుకుంటుంది.

అలాంటి మనిషికి నడుము పట్టేసింది.

ఒక్కసారిగా పట్టేయలేదు. మొదట సాయంత్రాలు బస్సు దిగేటప్పుడు కలుక్కుమనేది. తర్వాత మధ్యాహ్నాలకే మొదలైంది. ఆ తర్వాత పొద్దున్నే మంచం దిగడానికి గోడ సాయం కావలసి వచ్చింది. పోనీ ఒకచోట ఉండి చస్తుందా అంటే అదీ లేదు. ఒకరోజు నడుము కింద, ఒకరోజు భుజాల మధ్య, ఇంకోరోజు మెడ వెనక. “అద్దెకున్నవాళ్లయినా తమ వాటాలో తాముంటారు, ఇది ఇల్లంతా తిరుగుతోంది” అని విసుక్కునేది.

నొప్పిని మించిన చిక్కు మందు చెప్పేవాళ్లతో వచ్చింది.

మొదట చెప్పింది పక్క బల్ల టైపిస్టు. అతను ఎప్పుడో కుర్చీ మానేసి పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుంటున్నాడు. అందుకని అందరికీ బంతి తమ్ముడయ్యాడు.

“కుర్చీలో కూర్చుంటే వెన్ను నిద్రపోతుందక్కా. బంతి మీదైతే మెలకువగా ఉంటుంది.”

“నిద్రపోతే మంచిదేగా తమ్ముడూ, నొప్పి తెలీదు.”

“జోకులు తర్వాత. ముందు నువ్వొకసారి కూర్చుని చూడు.”

కూర్చుంది. బాగానే ఉంది. పెడల్ తొక్కింది. తొక్కీ తొక్కగానే బంతి వెనక్కి దొర్లింది, బంతితో చెవులక్క, చెవులక్కతో హెడ్‌ఫోన్ల తీగ, తీగతో బల్ల మీది మంచినీళ్ల సీసా. గదిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

“మెలకువ వచ్చింది తమ్ముడూ, గది మొత్తానికి” అంది ఆమె కిందే కూర్చుని.

ఇంట్లో భర్త ఉన్నాడు. బస్సు డ్రైవరు. కూర్చోవడంలో తనను మించిన అనుభవజ్ఞుడు లేడని ఆయన నమ్మకం.

“ఎత్తుగా కూర్చోవాలే. కింద ఒక దిండు వేసుకో. నేను రోజంతా స్టీరింగు ముందు కూర్చోవడం లేదూ? నాకేమైనా వచ్చిందా?”

“మీకు మోకాళ్ల నొప్పులు లేవూ?”

“అవి మోకాళ్లు. మనం మాట్లాడేది నడుము గురించి.”

దిండు వేసుకుంటే కాలు పెడల్‌కు అందలేదు. దిండు కథ వినగానే అత్తగారు కస్సుమంది. వయసులో ఉన్నప్పుడు ఆమె బట్టల కార్ఖానాలో కుట్టుమిషను మీద పని చేసింది. “దిండ్లేంటమ్మాయ్, ఆఫీసుకెళ్తున్నావా పడకేయడానికెళ్తున్నావా? మేం చెక్క స్టూలు మీద కూర్చుని లోకానికంతా బట్టలు కుట్టాం” అని, అటక మీదున్న చెక్క ముక్క ఒకటి దింపించి ఇచ్చింది. చెక్క మీద కూర్చుంటే నొప్పి నడుములోంచి దిగింది. అంతా సంతోషించారు. దిగింది పోవడానికి కాదనీ, తొడల్లో కాపురం పెట్టడానికనీ మర్నాడు తెలిసింది.

మందుల షాపాయన నడుము బెల్టు ఇచ్చాడు. అది బిగించుకుంటే ఊపిరి బుసలు కొట్టేది. ఒక సాక్షి వాంగ్మూలంలో రెండు చోట్ల ‘సాక్షి నిట్టూర్చాడు’ అని కొట్టింది చెవులక్క. తిరిగి వింటే ఆ నిట్టూర్పులు సాక్షివి కావు, తనవి. ఇరవయ్యేళ్ల కుర్రవాడి మీద నడివయసు ఆడమనిషి నిట్టూర్పులు వేసినందుకు సిగ్గుపడి, చెరిపేసి, బెల్టు ఒక బెత్తెడు వదులు చేసుకుంది. ఫోనులో ఎవరో నిలబడి పని చేయమన్నారు. నిలబడి పెడల్ తొక్కబోతే ఒంటికాలి కొంగలా ఉంది వ్యవహారం.

నిటారుగా కూర్చోమనేవాళ్లు ఒకరు, ఆనుకోమనేవాళ్లు ఒకరు. మెత్తగా అనేవాళ్లు ఒకరు, గట్టిగా అనేవాళ్లు ఒకరు. ఎవరు చెప్పినా వింటున్నంతసేపూ నిజమే అనిపించేది. ఇంతకాలం కూర్చోవడమన్నది తనకు వచ్చిన విద్యే అనుకుంది. ఇప్పుడు కుర్చీ దాకా వచ్చి, సగం వంగి, అక్కడే ఆగిపోయేది. ముందు ఏది ఆనాలి? నడుమా, వీపా? పాదాలు ఎక్కడ పెట్టాలి? చూసేవాళ్లకు కుర్చీలో ఏదైనా ఉందేమో, చూసుకుంటోందేమో అనిపించేది.

సరిగ్గా అప్పుడే కిటికీ అవ్వ వచ్చింది. మనిషి కాదు, గొంతు.

ఒక గోదాము తగలబడిన కేసు అది. లోపల కాపలా మనిషి ఉండిపోయాడు, ప్రాణం పోయింది. బయట గొళ్లెం వేసి ఉంది. ఎవరు వేశారన్నదే కేసంతా. ఎదురింటి కిటికీ దగ్గర రోజూ కూర్చునే ముసలావిడ ఒక్కతే చూసింది. చెవులక్క ఆమె ముఖం చూడలేదు, చూడబోదు కూడా. కిటికీ అవ్వ అని తనే పేరు పెట్టుకుంది. అవ్వ గొంతు నూలుపోగులాంటిది. మైకంటే భయమో, మనుషులంటే భయమో, ముఖ్యమైన మాట దగ్గరికొచ్చేసరికి ఆ పోగు ఇంకా సన్నబడుతుంది. పైన ఫ్యాను కిర్రుమంటుంటుంది. ఎవరో కాగితాలు తిప్పుతుంటారు.

“గొళ్లెం పెట్టినాయన్ని చూశారా?” అని లాయరు అడుగుతాడు. “చూశాను నాయనా” అంటుంది అవ్వ. తర్వాత ఏదో కిర్రు, ఏదో గొణుగుడు, మళ్లీ కిర్రు. ఆ తర్వాత వచ్చే జవాబు పొగలో కలిసిపోయినట్టుంటుంది. చెవులక్క అక్కడ ఆగిపోయింది. రోజుల తరబడి అక్కడే తొక్కుతోంది. నడుము భగ్గుమంటోంది. మధ్యలో సెలవులు పెట్టింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అక్కడే.

సెక్షన్ అధికారి పిలిచాడు. మంచివాడే, కానీ ఆయన పైన కూడా అధికారులున్నారు.

“అమ్మా, మీ నడుము సంగతి నాకు తెలియంది కాదు. కానీ వచ్చే విచారణకల్లా ఆ అవ్వ వాంగ్మూలం జడ్జిగారి బల్ల మీద ఉండాలి. మీ వల్ల కాదంటే చెప్పండి, బయటి కంపెనీకి పంపించేద్దాం. మిమ్మల్ని తపాలా సెక్షనులో వేస్తాను. లేచి తిరిగే పని, నడుముకు హాయి.”

బయటి కంపెనీ చేసిన కాగితాలు ఆమె చూసి ఉంది. జల్లెడలు. అడుగడుక్కీ ‘వినబడలేదు’. అవ్వ గొంతు వాళ్ల చేతిలో పడితే కాగితం మీద మిగిలేది ఆమె పేరూ ఊరూ మాత్రమే. ఒక మనిషి చచ్చిపోయాడు, చూసిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె చెప్పింది కూడా. మధ్యలో వినేవాళ్ల వల్ల ఆ మాట పోతే?

“అవుతుంది సార్. నేనే చేస్తాను” అంది. ఎలా అవుతుందో ఆమెకు తెలియదు.

చివరికి ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. వయసులో చాలా చిన్నది.

“కూర్చుని చూపించండమ్మా.”

చెవులక్క కూర్చుంది. పాదాలు నేలకు, వీపు కుర్చీకి, గడ్డం కాస్త లోపలికి. ఇంతమంది చెప్పినవాటిని కలగలిపి తనకు చేతనైనంత చక్కగా కూర్చుంది. డాక్టరమ్మ చుట్టూ తిరిగి చూసింది.

“బాగానే కూర్చున్నారే!”

“మరి నొప్పెందుకమ్మా?”

“ఇప్పుడు మీరు నన్ను చూసి కూర్చున్నారు, ఫొటోకు కూర్చున్నట్టు. పనిలో పడ్డాక ఎలా ఉంటారో మీకే తెలీదు. మీకు తెలీకుండా ఎవరైనా చూసి చెప్పాలి. ఇంకో మాట. ఎంత చక్కగా కూర్చున్నా సరే, అలాగే బిగుసుకుపోతే నడుము ఊరుకోదు. మధ్యమధ్యలో లేవండి, నాలుగడుగులు వేయండి.”

“అవ్వ చెబుతుంటే మధ్యలో లేవడమెలాగ?”

“ఏ అవ్వ?”

చెవులక్క చెప్పలేదు. కోర్టు మాట బయట చెప్పకూడదు.

చెవులక్క ఆఫీసు గదిలో వాళ్లను తనను కనిపెట్టి చూడమంది. ఎవరు తల తిప్పినా ఆమెకు తెలిసిపోయేది, వెంటనే సర్దుకునేది. “నువ్వు భేషుగ్గా కూర్చుంటున్నావక్కా” అన్నాడు బంతి తమ్ముడు. ఆ మాటతో ఆమెకు ఉన్న మతి కూడా పోయింది. భేషుగ్గా కూర్చున్నా నొప్పే అయితే ఇక చేసేదేముంది? ఈ నొప్పి నాది కాదేమో, ఎవరిదో పొరపాటున నాకొచ్చిందేమో అని కూడా అనుకుంది.

ఒకరోజు బెల్టు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. మధ్యాహ్నం అవ్వ గొంతులో మునిగి ఉండగా భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీసింది. భర్త. డ్యూటీ దిగి, యూనిఫారంతోనే, చేతిలో బెల్టు పట్టుకుని నిలబడ్డాడు.

“ఎప్పుడొచ్చారు?”

“చాలాసేపైంది. గుమ్మంలో నిలబడి నిన్నే చూస్తున్నాను.”

“పిలవచ్చుగా?”

“పిలుద్దామనే వచ్చా. ముందు బాగానే ఉన్నావు, కుర్చీకి ఆనుకుని టకటకా కొట్టుకుంటున్నావు. ఉన్నట్టుండి కొంచెం ముందుకొచ్చావు. ఇంకొంచెం. ఇంకొంచెం. చివరికి ముక్కు కీబోర్డుకు తగిలేలా ఉంది. నా బస్సులో నిద్రపోయేవాళ్లు ఇలాగే ఒరుగుతారు. నిద్రేమో అనుకున్నా. చూస్తే కళ్లు గుడ్లగూబలా ఉన్నాయి.”

“నేనా? వంగానా?”

“ఇప్పుడు కూడా సగం వంగే ఉన్నావు.”

చూసుకుంది. నిజమే. రొమ్ము బల్ల అంచుకు ఆని ఉంది. తల ఎటో కుడిపక్కకు వాలి ఉంది.

“ఇంతకీ ఎవరి దగ్గరికే వంగుతున్నావు?”

“ఆవిడ దగ్గరికే. చాలా మెల్లిగా మాట్లాడుతోందండీ.”

అతను కంప్యూటరు చూశాడు, హెడ్‌ఫోన్లు చూశాడు, ఎందుకైనా మంచిదని బల్ల కిందికి కూడా తొంగి చూశాడు.

“ఆవిడ నీ చెవుల్లోనే ఉంది కదే! నువ్వు వంగితే ఆవిడా నీతోపాటే వంగుతుంది. ఇంకెప్పటికి అందుతుంది?”

బంతి తమ్ముడు తన వెనకున్న గోడ వైపు తిరిగి చూశాడు. “అమ్మో! లాయర్లు అరిచే కేసులు చేస్తుంటే నా బంతి గోడ దాకా ఎందుకు పోతుందో ఇప్పుడర్థమైంది” అన్నాడు. చెవులక్కకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఇన్నేళ్లుగా ఎంతమంది దగ్గరికి వంగిందో! ఏడ్చినవాళ్ల దగ్గరికి, భయపడినవాళ్ల దగ్గరికి, అబద్ధం చెప్పబోతూ గొంతు తగ్గించినవాళ్ల దగ్గరికి. వాళ్లెవరికీ తెలియదు. నడుముకు మాత్రం అందరూ తెలుసు.

సంగతి తెలిసింది కదా, ఇక మానేస్తే సరిపోతుందనుకున్నారంతా. మానడం కుదరలేదు. సౌండు పెంచితే ఫ్యాను కూడా అవ్వతోపాటు అరిచింది. వెనక్కి ఆనుకుని వింటే వినబడేది వినబడనట్టే ఉండేది. ముసలావిడ అంత కష్టపడి చెబుతుంటే తను సినిమా చూస్తున్నట్టు వాలి వినడమేమిటని గిల్టీగా కూడా ఉండేది. ఆనుకునేది. నిమిషం తిరక్కుండా ఒళ్లు దానంతటదే ముందుకు పోయేది. విచారణ తేదీ దగ్గర పడుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతుండగా అత్తగారు గొంతు తగ్గించింది. “అమ్మాయ్, పైవాటా ఆవిడ లేదూ...” అని మొదలుపెట్టిందో లేదో, చెవులక్క కత్తి పక్కన పెట్టి వంగింది.

“అదిగో! అదిగో!” అని భర్త కుర్చీలోంచి అరిచాడు. “మళ్లీ వంగింది!”

అత్తగారికి కోపం వచ్చింది. “వంగకపోతే ఎలాగరా? వినేవాళ్లు దగ్గరికి రాకపోతే చెప్పేవాళ్లకి చెప్పబుద్ధేస్తుందా? నువ్వెప్పుడైనా వంగావా? అందుకే నీకెవరూ ఏమీ చెప్పరు.”

“మరి ఆఫీసులో అవ్వ దగ్గర కూడా అలాగే అవుతోంది అత్తయ్యా.”

“ఆ అవ్వకి నువ్వు కనబడతావా?”

“లేదు.”

“నేనైతే నిన్ను చూస్తున్నాను. నువ్వు వంగితే నాకు బాగుంటుంది. ఆవిడ చూడనప్పుడు ఆ వంగడం ఎవరికోసం?” అని, జవాబు కోసం ఆగకుండా పైవాటా ఆవిడ సంగతిలోకి వెళ్లిపోయింది.

ఆ మాట చెవులక్కకు పూర్తిగా అర్థం కాలేదు. సగం అర్థమైంది. వంగడం మర్యాద. మర్యాద చూసేవాళ్లకు. చూడనివాళ్లకు ఏమివ్వాలి? వినడమొక్కటే. అలా అయితే ఎలా ఉండి విన్నా పరవాలేదన్నమాట. కూర్చునే వినాలని కూడా లేదన్నమాట. డాక్టరమ్మ లేచి నాలుగడుగులు వేయమన్నది గుర్తొచ్చింది.

మర్నాడు స్టోరు గదిలోంచి హెడ్‌ఫోన్లకు పొడుగాటి తీగ అడిగి తెచ్చుకుంది. ఇంతకాలం వింటూ కొట్టడమే గాని, ముందు విని తర్వాత కొట్టడమన్నది ఆమె ఎరగదు. పెడల్ పక్కకు నెట్టేసింది. కంప్యూటరులో అవ్వ మాటను దాని పాటికి దాన్ని నడవనిచ్చి, లేచి నిలబడింది. బీరువా దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి బీరువా దాకా, తీగ లాగుకుంటూ తిరిగింది.

“అక్కా, నిన్ను చూస్తే కట్టేసిన ఆవులా ఉన్నావు” అన్నాడు బంతి తమ్ముడు.

“నోర్ముయ్ తమ్ముడూ, అవ్వ మాట్లాడుతోంది.”

చేతులకు పని లేదు, కాలికి పని లేదు. అలా ఊరికే వినడం మొదట్లో ఈత మరిచిపోయి నీళ్లలో దిగినట్టు ఉంది. మాట ఆగదు, వెనక్కి పోదు, తనూ పట్టుకోవాలని చూడదు. అవ్వ ఇల్లు చెప్పింది, కిటికీ చెప్పింది, సందు చెప్పింది, సందులోకి వచ్చిన పొడుగాయన్నీ ఇంకో ఆయన్నీ చెప్పింది. “గొళ్లెం పెట్టినాయన్ని చూశారా?” “చూశాను నాయనా.” చెవులక్క కిటికీ దగ్గర ఆగింది. వీపు గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

కిర్రు.

అది ఫ్యాను కాదు. ఫ్యాను చప్పుడు దాని వెనకాల వేరే నడుస్తోంది. అది అవ్వకు బోనులో వేసిన కుర్చీ. ఈ ఆఫీసు కుర్చీల కిర్రు ఆమెకు తెలియనిదా? కూర్చున్న మనిషి బరువు జరిగితే వచ్చే కిర్రు. ఇన్నాళ్లూ దాన్ని చప్పుడనుకుని తోసేసి, పక్కనున్న మాట కోసం వెతుక్కుంది. ఆ కిర్రును పట్టుకోగానే దాని వెంట వచ్చిన గొణుగుడు దానంతటదే విడివడింది.

“నాయనా, నడుము లాగేస్తోంది. కాస్త వెనక్కి ఆనుకోనా?”

దూరంగా ఎవరిదో గొంతు: “ఆ, ఆనుకోండమ్మా.”

కిర్రు. పెద్ద నిట్టూర్పు. ఈసారి అది ఖాయంగా అవ్వదే. ఆ తర్వాత, మైకుకు దూరమైనా సరే, ఊపిరి నిండి తేటపడ్డ గొంతుతో అవ్వ జవాబు చెప్పింది. “గొళ్లెం పెట్టింది పొడుగాయన కాదు. వెనక నిలబడ్డాడే, గొడుగు పట్టుకుని, ఆయన.”

చెవులక్క కళ్లు తెరిచింది. తను బల్ల మీదికి ఒంగి ఒంగి చచ్చిన చోట, అవ్వ హాయిగా వెనక్కి ఆనుకుంది. తను ముందుకు పోయేకొద్దీ ఆమె వెనక్కి. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎలా కూర్చుందో చూసుకోలేదు. కొట్టడం మొదలుపెట్టింది.

విచారణకు ముందే కాగితాలు సెక్షన్ అధికారి బల్ల మీదికి వెళ్లాయి. ఆయన పేజీలు తిప్పాడు. ‘వినబడలేదు’ ఒక్కచోట ఉంది. అది లాయరుగారిది, ఏదో నములుతూ అడిగిన ప్రశ్న. అవ్వది ఒక్కటీ లేదు.

“ఇదేంటమ్మా, నడుము లాగేస్తోంది, ఆనుకోనా అని. కేసుకు సంబంధం లేదుగా. ఇది కూడా ఉండాలా?”

“ఆవిడ అంది కదా సార్.”

ఆయన ఇంకా దగ్గరగా చూడటానికి కాగితం మీదికి వంగాడు.

“అలా వంగకండి సార్. కాగితాన్నే పైకెత్తండి.”

ఆయన ఒకసారి ఆమెను చూసి, కాగితం ఎత్తి పట్టుకుని ఆ వాక్యం మళ్లీ చదివి, సంతకం పెట్టేశాడు. తపాలా సెక్షను మాట మరి ఎత్తలేదు.

చెవులక్క నడుము పూర్తిగా బాగైందని చెప్పలేం. కొన్ని సాయంత్రాలు ఉంటుంది, కొన్ని సాయంత్రాలు ఉండదు. ఆమె మాత్రం రోజూ తీగ లాగుకుంటూ బీరువాకీ కిటికీకీ మధ్య తిరుగుతుంది. అలిసిపోతే కూర్చుంటుంది, కూర్చుని అలిసిపోతే లేస్తుంది. దేనివల్ల తగ్గిందని అందరూ అడుగుతారు. బంతి తమ్ముడు తన సలహానే అంటాడు, భర్త తన కంటిచూపే అంటాడు, అత్తగారు చెక్క ముక్కే అంటుంది. చెవులక్కకు ఇప్పటికీ తెలియదు. గట్టిగా అడిగితే కాసేపు ఆలోచించి, “ఏమో, అవ్వ ఆనుకున్నాక తగ్గింది” అంటుంది.